అతుకు కనబడని కారు

చిరిగిన కోటు తెచ్చినవాళ్లతో అమ్మమ్మ ముందుగా అనే మాట ఒకటే. ఎలా చిరిగిందో చెప్పక్కర్లేదు, ఎక్కడ చిరిగిందో చూపిస్తే చాలు. జనం వింటారా? మేకు తగిలిందంటారు, కుక్క పీకిందంటారు, కొందరైతే బల్ల మీద మోచేతులు ఆనించి పుట్టుపూర్వోత్తరాల నుంచి మొదలుపెడతారు. అమ్మమ్మ ఊఁ కొడుతూనే బట్టని బల్బుకి ఎదురుగా పట్టి చూస్తుంది. మేకు తగిలితే చిరుగు మూల తిరుగుతుంది. కుక్క పీకితే పోగులు సాగుతాయి. పెళ్లాం కాలరు పట్టుకుని గుంజితే మొదటి గుండీ దగ్గర మొదలవుతుంది. ఎవరు నిజం చెబుతున్నారో, ఎవరు కోతలు కోస్తున్నారో ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది. ఒక్కరితోనూ అనదు. అంత తెలివిగల మనిషి చెవిలో ఒక పాత కార్ల వ్యాపారి పువ్వు ఎలా పెట్టగలిగాడన్నదే ఈ కథ.

ఆవిడ పని రఫ్ఫు. మాసిక వెయ్యడం కాదు. ఆ మాటంటే ఆవిడకి ఒళ్లు మండుతుంది. అదే బట్ట లోపలి అంచులోంచి పోగులు లాగి, చిరిగినచోట ఒకటి పైకి ఒకటి కిందికి అల్లి, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తే చిరుగు ఎక్కడుండేదో చింపుకున్నవాడికే తెలియదు. డ్రైక్లీనింగ్ షాపు పక్కన, మెట్ల కింద ఆవిడ కొట్టు. ఒక బల్ల, ఒక బల్బు, ఒక కుర్చీ. రెండో కుర్చీకి చోటు లేదు కాబట్టి వచ్చినవాళ్లు నిలబడే మాట్లాడి వెళ్లిపోతారు. పనయ్యాక కోటుని మామూలుగా ఇవ్వదు. లోపలి వైపు బయటికి తిప్పి బల్ల మీద పరిచి, "వెతకండి" అంటుంది. వాళ్లు గోటితో తడిమి అతుకు పట్టుకున్నాకే మడత పెడుతుంది. పట్టుకోలేకపోతే వాళ్ల వేలు పట్టుకుని తనే అక్కడ ఆనిస్తుంది. ఆఫీసుకి టైమవుతోందని జనం గొణుక్కుంటారు. గొణుక్కోనీ. ముప్ఫై ఏడేళ్లుగా అదే పద్ధతి.

సాయంత్రం కొట్టు కట్టేసి మూడంతస్తులు ఎక్కుతుంది. రెండు గదులు, ఒక కిటికీ. తాతయ్య పోయి తొమ్మిదేళ్లు. కూతురి ఇల్లు అదే ఊళ్లో ఉంది, వెళ్తే అందరూ బాగానే చూస్తారు. కానీ అది అగ్గిపెట్టె, అప్పటికే నాలుగు పుల్లలున్నాయి, ఐదోది దూరితే పెట్టె మూతపడదు అని ఆవిడే అంటుంది. భోజనం చేసేటప్పుడు రేడియో పెట్టుకుని వార్తలు చదివేవాడితో వాదిస్తుంది. అతను తిరిగి జవాబు చెప్పడు గనక రోజూ ఆవిడదే గెలుపు. గెలిచాక కంచం కడుక్కుని, ఒక్క కంచమే కదా, కడిగిందే ఇంకోసారి కడుగుతుంది.

మొదటి నుంచీ ఇలా ఉండేది కాదు. ఆవిడకి తోబుట్టువంటే ఒక్క అక్క. ఆ అక్క ముప్ఫై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసింది. పెళ్లి ఊసెత్తితే, పగలంతా వెయ్యిమందిని భరించి ఇంటికొచ్చి వెయ్యిన్నొకటోవాణ్ణి కూడా భరించాలా అనేది. ఆవిడ నోరు విప్పితే చివరి సీట్లో నిద్రపోయేవాడు కూడా లేచి టికెట్టు వెతుక్కోవాల్సిందే. తాతయ్య పోయాక అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ మూడో అంతస్తులోనే ఏడేళ్లు కలిసున్నారు. ఉప్పు ఎక్కువైందని ఒకపూట, తక్కువైందని ఒకపూట పోట్లాడుకుంటూ కులాసాగా గడిపారు. తర్వాత అక్క మోకాళ్లు అరిగిపోయాయి. ఒకరోజు రెండో అంతస్తు మలుపులో కూర్చుండిపోయింది, కిందికీ పోలేదు పైకీ రాలేదు. ఇరుగుపొరుగువాళ్లు కుర్చీతో ఎత్తి కిందికి దించారు. ఆ దించడం దించడమే. ఆ ఇంటికి లిఫ్టు లేదు. కింది వాటాల అద్దె అమ్మమ్మ సూదికి అందేది కాదు. ఊరికి అటు చివర పెద్దవాళ్ల వసతి గృహం ఒకటుంటే, అక్క పింఛను దానికి సరిపోతుందని తెలిసి అక్కడ చేర్చింది. కాగితం మీద సంతకం పెట్టింది అమ్మమ్మే. అక్క ఆ రోజు ఒక్క మాట అనలేదు. నోరు మూసుకుని ఉండటం అక్కకి పుట్టుకతో రాని విద్య. అందుకే ఆ మౌనం అమ్మమ్మకి గోట్లో విరిగిన సూదిమొనలా ఉండిపోయింది.

ఆదివారం ఆదివారం రెండు బస్సులు మారి వెళ్లేది. అక్క గదిలో ఇంకో ముగ్గురుంటారు. బయట హాల్లో కూర్చుందామంటే గోడ పొడవునా కుర్చీలు, ఎదురుగా టీవీ, ఇరవైమంది ముసలివాళ్లు, నలభై చెవులు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని టీవీలో ఎవడో వంకాయ ధర చెబుతుంటే వినేవాళ్లు. అక్క అడిగిందల్లా ఒక్కటే. తను తిరిగిన రూటులో చివరి స్టాపు సముద్రం ఒడ్డున ఉంటుంది. బస్సు వెనక్కి తిరిగేముందు పది నిమిషాలు ఆపేవాళ్లు. అక్కడ ఒక రాతి గోడ. ఆ గోడ మీద కూర్చుని ముప్ఫై ఏళ్లు టీ తాగింది. ఒక్కసారి ఈ గేటు దాటించి అక్కడికి తీసుకెళ్లవే అంది. ఏడాదిన్నరలో మూడుసార్లు అంది. అక్క ఒక మాట మూడుసార్లు చెప్పడం బస్సులో కూడా ఎరగరు.

బస్సు ఫుట్‌బోర్డు అక్క మోకాళ్లకి అందదు. ఒకసారి టాక్సీ పిలిచారు. వాకరు మడిచి, అక్కని వెనక్కి తిప్పి, కాళ్లు ఒక్కొక్కటీ లోపల పెట్టేసరికి పది నిమిషాలు పట్టింది. ఈలోగా డ్రైవరు రెండుసార్లు గడియారం చూసుకుని ఒకసారి చప్పరించాడు. అక్క అదే పది నిమిషాలు తీసుకుని మళ్లీ దిగిపోయింది. ప్యాసింజరు మీద విసుక్కునేవాడి బండి ఎక్కనని ఖరాఖండీగా చెప్పేసింది. ఇక మిగిలిన దారి ఒక్కటే, విసుక్కోని డ్రైవరు కావాలి.

అలా అరవై ఒకటో ఏట అమ్మమ్మ డ్రైవింగ్ స్కూల్లో చేరింది. నేర్పేవాడు మొదటి వారం ఆవిడ్ని అమ్మగారూ అన్నాడు, రెండో వారం అమ్మా అన్నాడు, మూడో వారం అమ్మో అన్నాడు. సూదిలో దారం ఎక్కించేటంత జాగ్రత్తగా గేరు వేసేది. వెనకున్న బళ్లన్నీ ఈ లోపు హారన్లతో కచేరీ చేసేవి. లైసెన్సు పరీక్ష మూడోసారికి పాసైంది. ఆ రాత్రి రేడియోలో వార్తలవాణ్ణి కూడా ఏమీ అనలేదట.

తర్వాత కారు. ఊరి మెయిన్ రోడ్డు మీద పాత కార్లమ్మే వ్యాపారి ఒకడున్నాడు. మాట తేనెలో ముంచి తీసినట్టుంటుంది. ఒక బూడిదరంగు కారు చూపించాడు. రిటైరైన మాస్టారిదట, వారానికోసారి తుడవడానికి బయటికి తీసేవాడట. లోకంలో పాత కార్లన్నీ రిటైరైన మాస్టార్లే నడిపారు, మరి రోడ్ల మీద ఈ గోతులన్నీ ఎవరు చేశారో తెలియదు. మెకానిక్కుని వెంటబెట్టుకెళ్లు అని కూతురు చెప్పింది, అల్లుడు చెప్పాడు, డ్రైక్లీనింగ్ షాపు ఆసామీ కూడా చెప్పాడు. అమ్మమ్మ ఒక్కతే వెళ్లింది. వెళ్లి, ఇంజను మూత ఎత్తబోతున్న వ్యాపారిని ఆగమని చెప్పి, వెనక తలుపు తీసి సీటు మీద కూర్చుని గోటితో సీటుగుడ్డ తడమడం మొదలుపెట్టింది.

కుట్లు చూసింది. కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం చీమ నడిచినంత సమంగా ఉంది. మూల దగ్గర గోరు ఆగింది. ఎప్పుడో సిగరెట్టు కాలిన చోటు, దాని మీద రఫ్ఫు. ఎంత మంచి రఫ్ఫంటే, అమ్మమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూసింది. సీటు కింద నుంచి పోగులు లాగి అల్లారు. తన చేతి పని కాకపోతే ఇంత పని ఈ ఊళ్లో ఎవరు చేస్తారా అని పావుగంట దాని గురించే మాట్లాడింది. అక్కడ రఫ్ఫు ఉన్నట్టు ఆ వ్యాపారికే తెలియదు. కానీ గాలి ఎటుంటే అటు తూర్పారబట్టే రకం, వెంటనే అందుకున్నాడు. మా దగ్గర ఏదైనా ఇంతే శ్రద్ధగా చేస్తామమ్మా, మీలాంటి పనితనం తెలిసినవాళ్లు వస్తేనే మా కష్టం బయటపడుతుంది అన్నాడు. ముప్ఫై ఏడేళ్లలో అమ్మమ్మతో పనితనం తెలిసినదానివి అన్నవాళ్లు ఎక్కువమంది లేరు. కంటికి కనబడని చోట ఇంత ఒద్దికగా కుట్టినవాడు కనబడే చోట మోసం చేస్తాడా అనుకుంది. తాతయ్య పోయిన నాటి నుంచి దాచుకున్నదంతా ఇచ్చేసి, ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను, తర్వాత ఏమీ అడగనన్న కాగితం మీద సంతకం పెట్టి, తాళంచెవి కొంగులో ముడేసుకున్నంత భద్రంగా చేతిసంచిలో వేసుకుంది.

మర్నాడు తెలిసింది, ఎడమవైపు ముందు తలుపు కొంచెం ఎత్తి వేస్తేగానీ పడదని. కొత్త చోట మొండికేస్తోంది, సర్దుకుంటుందిలే అనుకుంది. రెండోరోజు తిన్నని రోడ్డు మీద కారు ఎడమకి లాగింది. అటు దానికి చుట్టాలున్నారేమో అనుకుంది. మూడోరోజు వానపడింది. నాలుగోరోజు పొద్దున్నే తలుపు తీస్తే, అద్దానికి వేలాడదీసిన సెంటు అట్టముక్క వాసన వెనక నుంచి ఇంకో వాసన వచ్చింది, చెరువు పూడిక తీసేటప్పుడు వచ్చేది. పక్క సీటు ముందు కార్పెట్టు మీద చెయ్యి పెడితే నీళ్లు ఊరాయి. పాత పేపర్లు పరిచింది. సాయంత్రానికి ఆ పేపర్లు ఉబ్బి అప్పడాల్లా లేచాయి. వాటిని తీసి కొత్తవి పరిచింది. ఎవరితోనూ చెప్పలేదు. చెబితే కూతురు అంటుంది, అల్లుడు అనకుండా ఊరుకుంటాడు. ఆ రెండోది మరీ కష్టం. రాత్రి అక్క ఫోన్లో బండి ఎలా ఉందే అని అడిగితే బ్రహ్మాండం అంది. ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ చీకట్లో కూర్చుంది. తన దగ్గరికి వచ్చేవాళ్లు మేకు తగిలింది, కుక్క పీకింది అని ఎందుకంటారో ఆ పూట కొంచెం అర్థమైంది.

అప్పుడే వ్యాపారి దగ్గరికి వెళ్లి ఉండొచ్చు. కానీ అక్క అప్పటికే వసతి గృహమంతా చాటింపు వేసేసింది. ఆదివారం మా చెల్లెలు కారేసుకుని వస్తోంది, సముద్రానికి వెళ్తున్నాం అని, వంటవాళ్లతో సహా.

ఆదివారం ఊరి మధ్యలోంచి సైకిళ్లు కూడా దాటిపోయేంత మెల్లగా నడుపుకుంటూ వెళ్లింది. గేటు దగ్గర అక్క పొద్దున ఏడు నుంచీ కూర్చునుంది. జుట్టు నున్నగా దువ్వుకుంది. డ్యూటీ రోజుల నాటి నల్ల బూట్లకి పాలిష్ పట్టించుకుంది. ఒళ్లో చేతిసంచి. వరండాలో ఇరవైమందీ వరసగా నిలబడి చూస్తున్నారు. కారు ఆవరణలోకి వచ్చి ఆగింది. అక్కని ఎక్కించడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఎవరూ చప్పరించలేదు. సీట్లో కూర్చుని, సర్దుకుని, ఒక్కసారి ఒళ్లంతా గాలి నింపుకుని "రైట్ రైట్" అంది. వరండాలో ఎవరో చప్పట్లు కొట్టారు.

అమ్మమ్మ తాళం తిప్పింది. అక్క కాస్త వెనక్కి జరుగుదామని చేతికర్రని కింద ఆనించి బలం పెట్టింది. కర్ర దిగబడింది.

కాళ్ల కింద ఏంటే ఇంత మెత్తగా ఉంది అంది అక్క. నిన్న కడిగించానులే అంది అమ్మమ్మ. కడిగిస్తే తడి ఉంటుంది గానీ మెత్తగా ఎందుకుంటుందే అంది అక్క. టికెట్టు జేబులోనే ఉందండీ అనేవాళ్లని ముప్ఫై ఏళ్లు చూసిన మనిషి.

అమ్మమ్మ ఇంజను ఆపి దిగింది. అటువైపు వచ్చి, తలుపు ఎత్తి తీసి, నేల మీద మోకాళ్లూని, పేపర్లు లాగేసి, కార్పెట్టు అంచు పట్టుకుని పైకి ఒలిచింది. కింద దట్టంగా నల్లరంగు పూసి ఉంది. దాని మీద గోరు పెట్టి మెల్లగా జరిపింది. గోరు ఒకచోట ఆగింది. ఆ పక్కకి జరిపింది, అక్కడా ఆగింది. గీత తలుపు కింద నుంచి మొదలై, సీటు అడుగున నుంచి, అవతలి తలుపు వైపు వెళ్తోంది. గీతకి ఇటు రేకు పల్చన, అటు రేకు మందం. ఇది ఒక బట్ట పోగులతో అల్లింది కాదు, రెండు వేర్వేరు బట్టలు దగ్గరికి లాగి కుట్టేసింది. అలా కుట్టింది ఎన్ని ఉతుకులకి ఆగుతుందో అమ్మమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. చెయ్యి అక్కడే ఉంచేసింది.

వసతి గృహానికి ఒక అంబులెన్సు ఉంది. దాని డ్రైవరు వచ్చి, టార్చి వేసుకుని కారు కింద వెల్లకిలా దూరి, చాలాసేపటికి బయటికొచ్చాడు. వీపుకంటిన మట్టి దులుపుకుంటూ అమ్మమ్మ ముఖం చూడకుండా చెప్పాడు. "అమ్మా, ఇది ఒక కారు కాదు, రెండు. ముందు సగం ఒకదాంట్లోంచి, వెనక సగం ఇంకోదాంట్లోంచి కోసి అతికించారు. రెండూ గుద్దుకున్న బళ్లే అయ్యుంటాయి. మీరు మెల్లగా వచ్చారు కాబట్టి వచ్చింది. హైవే ఎక్కి గట్టిగా ఒక గోతిలో పడిందంటే విడిపోతుంది. ఇక గేటు దాటించకండి."

అక్క ముందుకి చూస్తూ కూర్చునుంది. ఇక్కడిదాకా వచ్చింది, అక్కడిదాకా రాదా అంది. బ్రేకుల్లేని బస్సుల్లో, తలుపుల్లేని బస్సుల్లో తిరిగాను, నాకేం కాదు పోనీవే అంది. పోనీవే అన్నది రెండోసారి కొంచెం చిన్న గొంతుతో అంది. అమ్మమ్మకి ఆ క్షణంలో నిజంగానే పోనివ్వాలనిపించింది. సముద్రం ఎంత దూరమని? మెల్లగా, అంచుగా, గోతులు చూసుకుని... కానీ ఆవిడ గోరుకి ఆ గీత ఇంకా తగులుతూనే ఉంది. తాళంచెవి తీసి సంచిలో వేసుకుంది.

"సరేలే," అంది అక్క. "దించెయ్యడం నీకు అలవాటే కదా."

అమ్మమ్మ చెయ్యందిస్తే పట్టుకోలేదు. అంబులెన్సు డ్రైవరు చెయ్యి పట్టుకుని దిగింది. వాకరు టకటకలాడించుకుంటూ, పాలిష్ పట్టిన బూట్లతో, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. కారుని నలుగురూ కలిసి నెట్టి జనరేటరు పక్క రేకుల షెడ్డులో పెట్టారు. అమ్మమ్మ బస్సులో ఇంటికెళ్లింది. సీట్లు ఖాళీగానే ఉన్నా నిలబడే వెళ్లింది. దిగేటప్పుడు ఆ ఫుట్‌బోర్డు వైపు చూసింది. ఎంత ఎత్తని? జానెడున్నర. రోజూ ఎక్కి దిగుతున్నా ఎప్పుడూ కొలిచి చూడలేదు.

సోమవారం ఫోను చేస్తే అక్క పడుకుందన్నారు. మంగళవారం స్నానం చేస్తోందన్నారు. బుధవారం మళ్లీ పడుకుందన్నారు. ఫోనెత్తినామె అబద్ధానికి అలవాటులేని మనిషి పాపం, ప్రతిసారీ ఒక ఊపిరి తీసుకుని చెప్పేది. మూడు రాత్రులు అమ్మమ్మ రేడియో పెట్టలేదు.

గురువారం కొట్టు మూసి వ్యాపారి దగ్గరికి వెళ్లింది. అతను కాదనలేదు. అవునా అమ్మా, నాకేం తెలుసు, నేనూ ఒకరి దగ్గర కొన్నదే కదా అన్నాడు. ఉన్నది ఉన్నట్టుగా అన్న కాగితం తీసి, ఆవిడ సంతకం మీద వేలు పెట్టి చూపించాడు. అంతకుముందే ఫిర్యాదుల ఆఫీసుకి వెళ్లొచ్చింది అమ్మమ్మ. అక్కడ కాగితం తీసుకుని, ముద్ర వేసి, ఐదు నెలల తర్వాత రమ్మన్నారు. ఆ సంగతి చెబితే వ్యాపారి టీ తెప్పించాడు. మీరు మా అమ్మలాంటివారు, మనకి గొడవలెందుకు అన్నాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకోండి, కారు నాకిచ్చెయ్యండి, మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు, మీరిచ్చినదాంట్లో మూడొంతులు వెనక్కి ఇస్తాను, లేదంటే ఆ లెక్కకి సరిపోయే చిన్న కారు ఆదివారం లోపే మీ గుమ్మం ముందుంటుంది, ఈసారి మెకానిక్కుని తెచ్చుకుని మరీ చూసుకోండి అన్నాడు.

అమ్మమ్మ టీ చల్లారేదాకా ఆలోచించింది. ఆదివారం. అక్క బూట్లు. సముద్రం. ఇన్నాళ్లకి దొరికిన దారి మళ్లీ కళ్లముందు పరిచి ఉంది. చివరికి, మరి ఆ కారు ఏం చేస్తావు అని అడిగింది. ఏముందమ్మా, ఎవరికో అవసరమున్నవాళ్లకి ఇచ్చేస్తా అన్నాడు. వాళ్లకి చెబుతావా అంది. అతను నవ్వాడు. నవ్వులో కోపం లేదు, వెక్కిరింపు కూడా లేదు. తెలిసినవాళ్ల మధ్య నవ్వినట్టు నవ్వాడు.

"మీ రఫ్ఫు లాంటిదే కదమ్మా. మీరు మాత్రం కనబడనిస్తారా?"

అమ్మమ్మ లేచి, సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మందాకా వెళ్లి ఆగింది.

"దాస్తాను బాబూ, కాదనను. కానీ ఎవరి కోటు వాళ్లకే ఇస్తాను. అతుకు మీద వాళ్ల వేలు పెట్టించి మరీ ఇస్తాను."

ఇంత గొప్ప మాట అన్నందుకు ఊళ్లో ఎవరూ పూలదండ తేలేదు. బస్సు కూడా అరగంట ఆలస్యంగా వచ్చింది. మూడంతస్తులూ ఎక్కి, తలుపు తీసి, చేతిలో ఏమీ మిగలలేదని అప్పుడు తెలిసింది. కారూ లేదు, దాచుకున్నదీ లేదు, అక్కతో మాటా లేదు.

ఆదివారం వెళ్లాలా వద్దా అని తెల్లారేదాకా తర్కించుకుని, చివరికి మొదటి బస్సే ఎక్కింది. హాల్లో అక్క లేదు. గదిలో లేదు. మంచం నున్నగా సర్ది ఉంది. కారిడార్లో ఎదురైన అంబులెన్సు డ్రైవరు నోటితో ఏమీ చెప్పకుండా షెడ్డు వైపు గడ్డం ఎగరేశాడు.

కారు మీద ఎవరో తువ్వాళ్లు ఆరేశారు. ముందు సీట్లో, ఎడమవైపు, అక్క కూర్చునుంది. కాళ్ల కింద మందంగా పేపర్లు పరుచుకుంది. అమ్మమ్మ అద్దం మీద తట్టింది.

"అటునుంచి ఎక్కు," అంది అక్క. "ఈ తలుపు ఎత్తి తియ్యాలి, నాకు ఓపిక లేదు."

అమ్మమ్మ స్టీరింగు ముందు కూర్చుని తలుపు వేసుకుంది. వెయ్యగానే టీవీ వినబడటం మానేసింది. జనరేటరు కూడా ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. గురువారం నుంచీ రోజూ మధ్యాహ్నం ఇక్కడికే వస్తున్నానని అక్క చెప్పింది. ఆ డ్రైవరు దింపుతాడు, ఎక్కిస్తాడు, మంచివాడు, చప్పరించడు అంది. ఈ కారులో కూర్చుంటే ఎవరూ నీ షుగరు ఎంత, నా బీపీ ఎంత అని అడగరు అంది. ఏడాదిన్నరలో ఆవిడ ఒక్కతే కూర్చోవడానికి దొరికిన చోటు ఇదొక్కటేనని అమ్మమ్మకి అప్పుడు తట్టింది.

వ్యాపారి సంగతంతా చెప్పింది. అక్క కళ్లు మూసుకుని విన్నది.

"పైన పటారం లోన లొటారం అంటే ఇదే," అంది. "మూడొంతులు తీసుకోవాల్సింది పిచ్చిదానా."

"తీసుకుంటే కొత్త కారెక్కేదానివా?"

అక్క కళ్లు తెరిచింది. "ఎక్కేదాన్ని. సముద్రం చూసేదాన్ని. చూసొచ్చాక నిన్ను తిట్టేదాన్ని."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆ చిన్న చోట్లో ఎటూ పోలేక అక్కడే తిరిగింది. తర్వాత ఆగిపోయింది. ఎదుట అద్దం లోపలి వైపు ఆవిరి పట్టింది. అక్క వేలితో కొంచెం తుడిచి, అందులోంచి గేటు వైపు చూస్తూ అడిగింది, గొంతులో కండక్టరు ఎక్కడా లేదు.

"ఆ రోజు సంతకం పెట్టేముందు నన్నెందుకు అడగలేదే?"

అమ్మమ్మ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఏడాదిన్నర నుంచి ఈ ప్రశ్నకి రకరకాల జవాబులు సిద్ధం చేసుకుంది. డాక్టరు చెప్పాడని, ఇంకో గది దొరకలేదని, టైము లేదని. అన్నీ నిజాలే. మేకు తగలడం కూడా నిజమే ఒక్కోసారి.

"వద్దంటావేమోనని," అంది.

"అనేదాన్ని."

షెడ్డు రేకు మీద ఏదో పిట్ట నడిచిన చప్పుడు.

"వద్దనేదాన్ని," అంది అక్క మళ్లీ. "రెండ్రోజులు తిండి మానేసేదాన్ని. మూడోరోజు నేనే సంచి సర్దుకుని దిగేదాన్ని. నా స్టాపులో నేను దిగేదాన్ని కదే."

క్షమించు అనే మాట వాళ్లింట్లో ఎవరూ వాడి ఎరగరు, అమ్మమ్మ ఇప్పుడు ఎక్కణ్ణుంచి తెస్తుంది? చెయ్యి జరిపి అక్క చేతి మీద పెట్టింది. అక్క ఆ చేతిని తియ్యలేదు, తిప్పి పట్టుకోనూ లేదు. అలాగే ఉండనిచ్చింది. సముద్రం ఊసు ఇద్దరూ ఎత్తలేదు. మధ్యాహ్నం భోజనానికి పిలుపొస్తే ఆ డ్రైవరే రెండు కంచాలు తెచ్చి అద్దంలోంచి అందించాడు. ఉప్పు తక్కువైందని అక్క అంది. ఎక్కువైందని అమ్మమ్మ అంది.

నాలుగున్నరకి బస్సు. అక్కని దింపి లోపలికి తీసుకెళ్తానని అమ్మమ్మ అటువైపు వచ్చి తలుపు ఎత్తి తీసింది. నువ్వెళ్లు, నేనింకాసేపు కూర్చుంటా అంది అక్క. చీకటి పడుతుందే అంటే, పడనీ, నేనెక్కడికి పోవాలని అంది. అమ్మమ్మ తలుపు వేసింది. గేటు దాటి, రోడ్డవతలి స్టాపులో నిలబడింది. అక్కడి నుంచి షెడ్డు తిన్నగా కనిపిస్తుంది. ఆవిరి పట్టిన అద్దంలో తుడిచిన ముక్క ఒక్కటి, దాని వెనక అక్క ముఖం. చెయ్యి ఊపింది. అంత దూరం అక్క కళ్లకి ఆనదు, ఆవిడ గేటునే చూస్తోంది.

బస్సొచ్చింది. అమ్మమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుని మెడ వెనక్కి తిప్పింది. మలుపు వచ్చేదాకా అలాగే చూసింది. ఎక్కడికమ్మా అని కండక్టరు అడుగుతున్నది రెండోసారికి గానీ వినబడలేదు.